చెక్కే యంత్రానికి ఎంత వేగం క్షేమం?

వడ్రంగి చిత్రిక పట్టేముందు దానిని తలక్రిందులు చేసి, అడుగుభాగం వెంట కన్ను పారించి, ఉలి అంచు ఎంత బయటికి వచ్చినదో చూచుకొంటాడు. ఎక్కువ వచ్చినదని తోస్తే సుత్తితో మెల్లగా తట్టి సరిచేస్తాడు. తరువాత చెక్క నార ఏ వాటంగా ఉన్నదో గమనించి తోయడం మొదలుపెడతాడు. అంచు ఎక్కువగా ఉంటే చిత్రిక చెక్కలో ఇరుక్కొంటుంది. మరీ తక్కువగా ఉంటే పొట్టు రాలదు. చిత్రిక ఊరకే జారిపోతుంది, అంచు మాత్రం అరిగిపోతుంది. ఈ రెంటి నడుమ ఉన్న కొలతను అతని చేయి ఏండ్ల తరబడి పనిచేసి నేర్చుకొన్నది.

నేడు చిన్న పట్టణాలలో సైతం తలుపులమీద పూలతీగెలనూ, దేవతామూర్తులనూ చెక్కుతున్న సి.ఎన్.సి. రౌటర్ అనే యంత్రానికి అటువంటి చేయి లేదు. దానికి తెలిసినవి అంకెలు మాత్రమే. ఏ వేగంతో కదలవలెనో, ఏ వేగంతో కోయవలెనో మనిషి వ్రాసి ఇస్తాడు. యంత్రం ఆ ప్రకారం నడుస్తుంది. ఇచ్చిన అంకె తప్పయితే బిట్టు విరగవచ్చు, చెక్క పాడుకావచ్చు, మంట కూడా అంటుకోవచ్చు. కాబట్టి ఆ అంకెలు ఎక్కడినుండి వస్తాయో తెలుసుకోవడం అవసరం.

యంత్రం పుట్టుక

లోహాలను కోసే వేగాన్ని శాస్త్రీయంగా పరిశీలించినవారిలో ప్రముఖుడు అమెరికా దేశస్థుడైన ఫ్రెడరిక్ టేలర్. ఆయన 1880లో ప్రారంభించిన ప్రయోగాలు 26 సంవత్సరాలు సాగినవి. ఫలితాలను 1906లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ప్రకటించాడు. ఏ పనిముట్టు వాడవలె, ఏ వేగంతో కోయవలె, పనిముట్టును ఎంత చొప్పున ముందుకు జరపవలె అనే మూడు ప్రశ్నలకు పనివాడు ప్రతిరోజూ సమాధానం చెప్పుకోవలసి ఉంటుందని ఆయన గుర్తించాడు. కోత వేగం కొద్దిగా పెరిగితే పనిముట్టు ఆయువు అనేకరెట్లు తగ్గిపోతుందని కూడా ఆయన కనుగొన్నాడు. హైస్పీడు ఉక్కు పనిముట్టుతో ఉక్కును కోసేటప్పుడు వేగాన్ని 10 శాతం పెంచితే, ఆయన సూత్రం ప్రకారం, ఆయువు సగానికి పడిపోతుంది.

అంకెలతో యంత్రాన్ని నడిపే పద్ధతి అటు తరువాతిది. జాన్ పార్సన్స్ ఆలోచన ఆధారంగా మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో అటువంటి యంత్రాన్ని తయారుచేసి 1952లో ప్రదర్శించారు. ఆనాడు అది ఒక గదిని నింపే సామగ్రి. ఈనాడు అదే పనిని అరచేతిలో ఇమిడే ఆర్డుయినో పలక చేయగలుగుతున్నది. 2009లో మొదలైన జి.ఆర్.బి.ఎల్. అనే ఉచిత ప్రోగ్రాము ఇందుకు ముఖ్యకారణం. దీని మూలంగా యంత్రం పెద్ద కర్మాగారాన్ని దాటి ఇంటి వసారాలోకి వచ్చింది. అయితే కర్మాగారంలో ఉండే అనుభవజ్ఞుడైన ఫోర్‌మన్ మాత్రం దానితోపాటు రాలేదు.

రెండు వేగాలు, రెండు హద్దులు

రాయచోటిలో ఒక యువకుడు వసారాలో ఇటువంటి చిన్న యంత్రాన్ని అమర్చుకొన్నాడనుకొందాము. దాని పని స్థలం 300 మి.మీ. పొడవు, 180 మి.మీ. వెడల్పు. ఆ ఊరి వీరభద్రస్వామి పేరుమీద ఇల్లు కట్టుకొన్న ఒక గృహస్థు 'వీరభద్ర నిలయం' అని టేకు పలకపై చెక్కి ఇమ్మన్నాడు. పలక ఒకటే ఉన్నది. పాడైతే మరొకటి కొనవలె. యువకుడు తన ఉదాహరణకు ఏ వేగాలు వ్రాయవలె?

యంత్రానికి ఇచ్చే ఆజ్ఞలలో కదలికలు రెండు విధాలు. మొదటిది, బిట్టు పైకి లేచి గాలిలో ఒకచోటినుండి మరొకచోటికి పోవడం. దీనిని జి0 అనే ఆజ్ఞ సూచిస్తుంది. దీని వేగం ఆజ్ఞలో ఉండదు. యంత్రపు సెట్టింగులలో నమోదై ఉన్న గరిష్ఠ వేగంతోనే అది జరుగుతుంది. రెండవది, బిట్టు చెక్కలో దిగి కోస్తూ ముందుకు నడవడం. దీనిని జి1 సూచిస్తుంది. దీని వేగాన్ని ఎఫ్ అనే అక్షరం ప్రక్కన నిమిషానికి ఇన్ని మిల్లీమీటర్లని వ్రాస్తారు.

మొదటి వేగానికి హద్దు మోటార్ల శక్తి. రెండవదానికి హద్దు బిట్టు అంచు, చెక్క స్వభావం. ఈ రెండు హద్దులనూ వేరువేరుగా కనుగొనవలె. ఒకదాని అంకెను మరొకదానికి వాడడం, వేరొకరి యంత్రానికి సరిపోయిన అంకెను తన యంత్రానికి వ్రాయడం అనేవే చాలా ప్రమాదాలకు మూలం.

మోటారు హద్దు

ఇటువంటి యంత్రాలలో స్టెప్పర్ మోటార్లు ఉంటాయి. సాధారణ మోటారు వలె ఇది ఎడతెగకుండా తిరగదు. విద్యుత్తు స్పందన వచ్చినప్పుడల్లా ఒక్కొక్క అడుగు వేస్తుంది. చుట్టుకు 200 అడుగులు. ఒక్కొక్క అడుగును డ్రైవర్ 16 భాగాలు చేస్తే చుట్టుకు 3,200 స్పందనలు. మోటారుకు తగిలించిన స్క్రూ కడ్డీ ఒక చుట్టు తిరిగితే బిట్టు 8 మి.మీ. జరుగుతుంది. అంటే ఒక మిల్లీమీటరుకు 400 స్పందనలన్నమాట. నిమిషానికి 1,500 మి.మీ. వేగంతో పోవలెనంటే సెకనుకు 10,000 స్పందనలు పంపవలె.

ఇక్కడ చిక్కు ఒకటి ఉన్నది. మోటారు చుట్లలో విద్యుత్ ప్రవాహం ఒక్క క్షణంలో నిండదు. స్పందనలు తొందరతొందరగా వచ్చినకొద్దీ ప్రవాహం నిండేందుకు వ్యవధి చాలదు. అందుచేత వేగం పెరిగినకొద్దీ మోటారు బలం తగ్గుతుంది. ఒక హద్దు దాటిన తరువాత మోటారు అడుగు తప్పుతుంది. ఎడ్లబండి బురదలో కూరుకొంటే బండివానికి తెలుస్తుంది. ఈ యంత్రానికి మాత్రం తెలియదు. ఎందుకంటే, తాను పంపిన స్పందన ప్రకారం మోటారు తిరిగినదా లేదా అని తిరిగి చెప్పే సాధనం చిన్న యంత్రాలలో సాధారణంగా ఉండదు. అడుగు తప్పినప్పుడు సాధారణ స్టెప్పర్ మోటారు 4 అడుగుల గుణిజాలలో వెనుకబడుతుంది. పైన చెప్పిన స్క్రూ కడ్డీకి అది 0.16 మి.మీ. అవుతుంది. ఒక్కసారి తప్పితే కంటికి ఆనదు. అయితే అటుపిమ్మట చెక్కిన ప్రతి గీతా అంతమేర ప్రక్కకు జరిగే పడుతుంది. పదిసార్లు తప్పితే 'వీ' మీది గుడి తన చోటులో ఉండదు.

ఈ హద్దును కనుగొనే పరీక్ష సులభం. బిట్టును తీసివేసి, స్పిండిల్‌ను ఆపి, పలక ఏదీ బిగించకుండా చేయవలె. జి.ఆర్.బి.ఎల్.లో 110, 111, 112 అనే సెట్టింగులు వరుసగా ఎక్స్, వై, జడ్ దిశల గరిష్ఠ వేగాలు. 120, 121, 122 అనేవి వాటి త్వరణాలు. మొదట త్వరణాన్ని తక్కువగా ఉంచి, వేగాన్ని 500తో మొదలుపెట్టి 250 చొప్పున పెంచవలె. ప్రతి మెట్టులోనూ ఆ దిశలో దాదాపు పూర్తి పొడవునా పదిసార్లు ముందుకూ వెనుకకూ నడిపి, బయలుదేరిన చోటికి ఖచ్చితంగా తిరిగి వచ్చినదో లేదో చూడవలె. డయల్ గేజి ఉంటే మేలు. లేకుంటే పదునైన పెన్సిల్ గుర్తుతోనైనా పని జరుగుతుంది. మోటారు గుర్రుమని శబ్దం చేసి నిలిచినా, గుర్తు తప్పినా, అదే హద్దు. ఆ అంకెలో సుమారు 70 శాతాన్ని గరిష్ఠ వేగంగా వ్రాసుకోవలె. ఉదాహరణకు 2,000 దగ్గర మోటారు తడబడితే 1,400 వ్రాసుకోవలె. తరువాత ఆ వేగాన్ని కదల్చక, త్వరణాన్ని ఇదే పద్ధతిలో పరీక్షించవలె.

మిగిలిన 30 శాతం వృథా కాదు. పరీక్షలో బిట్టు గాలిలో ఉన్నది. పనిలో చెక్క ఎదురు నెడుతుంది. స్క్రూ కడ్డీపై పొట్టు పేరుకొంటే ఘర్షణ పెరుగుతుంది. వేసవి మధ్యాహ్నం రేకుల కప్పు క్రింద డ్రైవర్ బాగా వేడెక్కి, హద్దు దాటితే తనంతట తానే ఆగిపోతుంది. రాయలసీమలో మే నెల ఎండలు 40 డిగ్రీలు దాటడం మామూలే. అందుచేత తెల్లవారుజామున చల్లని యంత్రంపై ఒకసారి పరీక్షించి ఊరుకోక, అరగంట నడిచి వేడెక్కిన పిదప మధ్యాహ్నం మరొకసారి పరీక్షించవలె. జడ్ దిశ విషయంలో మరింత జాగ్రత్త కావలె. ఆ మోటారు స్పిండిల్ బరువును భూమ్యాకర్షణకు ఎదురుగా ఎత్తవలసి ఉన్నది. అది అడుగు తప్పితే బిట్టు సరిగా పైకి లేవకుండానే యంత్రం ప్రక్కకు పరుగెత్తి, చెక్కిన అక్షరం మీదుగా గీత లాగుతుంది.

బిట్టు హద్దు

ఇక కోత సంగతి. స్పిండిల్ నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతున్నది. బిట్టుకు 2 అంచులున్నవి. కాబట్టి నిమిషానికి 20,000 సార్లు ఒక అంచు చెక్కను కొరుకుతుంది. ఆ నిమిషంలో బిట్టు 600 మి.మీ. ముందుకు నడిస్తే, ఒక్కొక్క కొరుకుకు 0.03 మి.మీ. మందం గల పొట్టు లేస్తుంది. చిత్రికకు ఉలి అంచు ఎంత ముఖ్యమో ఈ యంత్రానికి ఈ పొట్టు మందం అంత ముఖ్యం. సూత్రం ఇది: స్పిండిల్ చుట్ల సంఖ్యను అంచుల సంఖ్యతో హెచ్చించి, దానిని కావలసిన పొట్టు మందంతో హెచ్చిస్తే నడక వేగం వస్తుంది.

3 మి.మీ. బిట్టుతో టేకు వంటి కలపను చిన్న యంత్రంపై చెక్కేందుకు 0.03 మి.మీ. మందంతో మొదలుపెట్టడం మంచిది. పొట్టు మరీ మందమైతే బిట్టు వంగుతుంది, విరుగుతుంది. ఈ సంగతి అందరికీ తోస్తుంది. మరీ పలుచనైతే కూడా ప్రమాదమేనన్నది చాలామందికి తోచదు. ఎంత పదునైన అంచుకైనా కొద్దిపాటి గుండ్రదనం ఉంటుంది. పొట్టు మందం ఆ గుండ్రదనం కంటె తక్కువైతే అంచు చెక్కను కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడి పుడుతుంది. కోసినప్పుడు పుట్టే వేడిలో కొంత భాగాన్ని రాలే పొట్టు మోసుకొనిపోతుంది. రుద్దినప్పుడు మోసుకొనిపోయేందుకు పొట్టే లేదు. చెక్క నల్లబడుతుంది, పొగ వస్తుంది, అంచు మొద్దుబారుతుంది. మొద్దుబారిన అంచు మరింత రుద్దుతుంది. కనుక 'భయముంటే నెమ్మదిగా నడిపించు' అనే సలహా ఈ యంత్రం విషయంలో సగమే నిజం. నడక తగ్గించినప్పుడు స్పిండిల్ చుట్లను కూడా తగ్గించవలె.

పొట్టు రూపమే దీనికి సాక్ష్యం. చేతిలోకి తీసుకొంటే చిన్నచిన్న పెచ్చులుగా, రవ్వ వలె గరుకుగా ఉంటే కోత సరిగా సాగుతున్నది. పిండి వలె మెత్తగా, గోధుమరంగుకు తిరిగి, కాలిన వాసన వస్తుంటే అంచు రుద్దుతున్నది.

లోతు విషయంలో ఆశ పనికిరాదు. బిట్టు వ్యాసంలో సగం, అంటే 1.5 మి.మీ. చొప్పున దింపితే 6 మి.మీ. లోతును 4 సార్లుగా చెక్కవచ్చు. బిట్టును పట్టునుండి ఎంత తక్కువగా బయటికి ఉంచితే అంత మేలు. బయటికున్న పొడవు సగమైతే, అదే బలానికి బిట్టు వంగేది ఎనిమిదవ వంతు మాత్రమే. చెక్కలోనికి నిలువుగా దింపే వేగం నడక వేగంలో మూడవ వంతుకు మించకుండా ఉంటే మంచిది. ఎందుకంటే బిట్టు కొన మధ్యభాగం సరిగా కోయదు.

మలుపులో కలిసే రెండు హద్దులు

పైరెండు లెక్కలూ సరిగా వేసి, యువకుడు ఎఫ్ ప్రక్కన 600 అని వ్రాసినాడు. అయినా అక్షరాల మలుపుల దగ్గర చెక్క నల్లబడవచ్చు. కారణం త్వరణం.

తెలుగు అక్షరాలలో సరళరేఖలు తక్కువ, వంపులు ఎక్కువ. 'భ'లో, 'ద్ర'లోని వత్తులో, 'ల'లో బిట్టు అడుగడుగునా దిశ మార్చుకోవలె. వంపులో తిరిగే వస్తువు త్వరణం, వేగపు వర్గాన్ని వంపు వ్యాసార్ధంతో భాగించగా వస్తుందని బడిలో చదువుకొన్నదే. 2 మి.మీ. వ్యాసార్ధం గల మలుపును, త్వరణపు హద్దు సెకనుకు సెకనుకు 50 మి.మీ. ఉన్న యంత్రం సెకనుకు 10 మి.మీ., అంటే నిమిషానికి సరిగ్గా 600 మి.మీ. వేగంతో తిరగగలదు. మన లెక్క సరిపోయింది. జి.ఆర్.బి.ఎల్. మూలరూపంలో ఉండే త్వరణం మాత్రం 10. దానిని మార్చకుండా వదిలితే అదే మలుపులో వేగం సుమారు 268కి దిగిపోతుంది. యంత్రం తనను తాను కాపాడుకొనేందుకు అట్లా నెమ్మదిస్తుంది. స్పిండిల్ మాత్రం అదే 10,000 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. పొట్టు మందం 0.03 నుండి 0.013 మి.మీ.కి పడిపోతుంది. అంచు రుద్దడం ఆరంభిస్తుంది. అందుకే గీత తెల్లగా, మలుపు నల్లగా వస్తుంది.

ఇప్పుడు ఎఫ్ అంకెను 1,200 చేసినా ఫలితం ఉండదు. మలుపులో వేగాన్ని నిర్ణయిస్తున్నది ఎఫ్ కాదు, త్వరణం. దీనికి సరైన మందులు మూడు. పరీక్షించి, యంత్రం తట్టుకొన్నంత వరకు త్వరణాన్ని పెంచడం మొదటిది. స్పిండిల్ చుట్లను సుమారు 4,500కు తగ్గించి, దానికి తగినట్లు నడకను కూడా 270కి తగ్గించడం రెండవది. అయితే చిన్న స్పిండిళ్లు తక్కువ చుట్ల వద్ద బలం కోల్పోతాయి. 2 అంచుల బిట్టుకు మారుగా ఒకే అంచు గల బిట్టును వాడి, నడకను 300కు దింపడం మూడవది. అప్పుడు అవే 10,000 చుట్లకు గీతలో పొట్టు 0.03 మి.మీ., మలుపులో సుమారు 0.027 మి.మీ. ఉంటుంది. పేరుపలకలు చెక్కేవారికి ఈ మూడవ మార్గం చాలా అనుకూలం.

పలకపై పని మొదలుపెట్టేముందు

అదే టేకు తుండుపై ఒక మూలను, ఒక వంపును, ఒక వత్తును ముందుగా చెక్కి చూడవలె. అసలు పని మొదలైన తరువాత కూడా నడక వేగాన్ని 10 శాతం నుండి 200 శాతం వరకు అప్పటికప్పుడు మార్చుకొనే సదుపాయం జి.ఆర్.బి.ఎల్. 1.1లో ఉన్నది. మొదటి పొరను 50 శాతంతో ఆరంభించి, పొట్టును చూస్తూ వెంటనే పెంచుకొనిపోవచ్చు. అయితే అంతసేపు దానిని 50 వద్దనే వదలిపెట్టరాదు; ఎందుకో పైన చెప్పిందే. ఫైలులో కొలతలు మిల్లీమీటర్లను సూచించే జి21లో ఉన్నవో, అంగుళాలను సూచించే జి20లో ఉన్నవో చూచుకోవలె. అంగుళం 25.4 మిల్లీమీటర్లు, ఈ ఒక్క పొరపాటుతో ప్రతి కొలతా, ప్రతి వేగమూ అన్నిరెట్లు మారిపోతుంది.

మనిషి క్షేమం అన్నిటికన్న ముందు. విరిగిన బిట్టు ముక్క ఎటు ఎగురుతుందో చెప్పలేము కాబట్టి కంటి అద్దాలు తప్పనిసరి. చేతితొడుగులు, వదులు చొక్కా చేతులు, కండువా తిరిగే బిట్టుకు చుట్టుకొంటాయి, అవి పనికిరావు. కలప ధూళి క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 1995లో ప్రకటించింది. కనుక ముక్కుకు మంచి మాస్కు, ధూళిని పీల్చే సాధనం ఉండవలె. రుద్దుడు వేడికి పుట్టిన నిప్పురవ్వ పొట్టు సంచిలో చేరి చాలాసేపటికి రాజుకొనవచ్చు. యంత్రాన్ని నడవనిచ్చి భోజనానికి పోవడం, రాత్రి వదిలి నిద్రించడం ఎంత మాత్రం తగదు. అత్యవసర స్విచ్చి యంత్రం వెనుక కాక, నిలుచున్న చోటినుండి చేతికి అందేటట్లు ఉండవలె.

చివరగా, ప్రతి బిట్టుకూ, ప్రతి కలపకూ సరిపోయిన అంకెలను ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచుకోవడం ఉత్తమం. కలప పేరు, బిట్టు వ్యాసం, అంచులు, చుట్లు, నడక, లోతు, పొట్టు తీరు అనే ఏడు గడులు చాలు. టేలర్ 26 సంవత్సరాలు చేసినది ఒక విధంగా ఈ పనే. పట్టికలో దొరికే అంకె మరొకరి యంత్రపు అనుభవం. అది బయలుదేరే చోటు మాత్రమే. పరీక్షించి, కొలిచి, వ్రాసుకొన్న అంకె తన యంత్రపు అనుభవం. అటువంటి పుటలు కొన్ని నిండేసరికి, యంత్రానికి లేని ఆ వడ్రంగి చేయి నోటుపుస్తకం రూపంలో తయారవుతుంది.